నాన్నగారి సైకిలు తుక్కుకి వేసే ముందు ఒకసారి బోర్లించి చూడండి

ప్రశ్న: మాది అల్లవరం వైపు పల్లెటూరు. రైసు మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. ఇంటి నుంచి మిల్లుకి కాలువ గట్టు మీద 6 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని, ఒళ్లు కూడా కాస్త కదులుతుందని సైకిలెక్కుదామనుకుంటున్నాను. మా నాన్నగారి సైకిలుంది: 28 చక్రాలు, 22 ఫ్రేము, కడ్డీ బ్రేకులు. నాలుగేళ్లుగా పశువుల సావిట్లో గోడకి ఆనించి ఉంది. చైను బిగుసుకుపోయింది, రిమ్ములకి తుప్పు పట్టింది. షాపులో చూపిస్తే తుక్కుకి వేసేయమన్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయికి కూడా సైకిలు కావాలి, వాడి కాలేజీ 11 కిలోమీటర్లు. 21 గేర్లు, డిస్కు బ్రేకులు, ముందూ వెనకా షాకులు ఉన్నదే కావాలంటున్నాడు. మా గట్టంతా తుమ్మముళ్లు, ఎవరి సైకిలైనా వారానికో పంచరు. చైనుకి మా ఊళ్లో అందరూ కొబ్బరినూనే వేస్తారు. పాతది బాగుచేసుకోవచ్చా? అబ్బాయికి ఏది కొనాలి? ఇంట్లో ఏ సామాను ఉండాలి?

సమాధానం: సైకిలు తుక్కా కాదా అన్నది తేల్చేవి రెండే, ఫ్రేమూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ. మిగతావన్నీ విడిగా దొరికే సామాన్లు. బిగుసుకున్న చైను, తుప్పు రిమ్ము, పగిలిన టైరు చూసి తుక్కు అనేస్తే ఆ సైకిలుని సరిగ్గా చూడనట్టే. మీరే ఒక ఆదివారం పొద్దున వసారాలో గోనెపట్టా పరిచి దాన్ని బోర్లించండి.

ముందు సీటు బోల్టు వదులుచేసి సీటు కడ్డీని పూర్తిగా బయటికి తీయండి. రాకపోతే బలప్రయోగం వద్దు. తుప్పు వదిలించే స్ప్రే కడ్డీ చుట్టూ కొట్టి రాత్రంతా వదిలేసి, మర్నాడు సీటుని పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతూ లాగండి. ఈ కడ్డీతో ఎందుకు మొదలుపెట్టాలంటే, వాన నీళ్లు దాని పక్కనుంచే ఫ్రేములోకి దిగుతాయి. దిగిన నీళ్లు అన్నిటికన్నా పల్లంలో ఉండే చోట, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టంలో చేరతాయి. దాన్ని షాపుల్లో బీబీ అంటారు. ఫ్రేము లోపల్నుంచి తినేయబడేది అక్కడే. పైన రంగు బాగున్నా లోపల పుచ్చిపోయి ఉండొచ్చు. పైగా సావిట్లో పేడ, మూత్రం తేమ, ఒడలరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, రెండూ కలిశాయి.

బీబీ గొట్టం అడుగున, అక్కడ కలిసే గొట్టాల అతుకుల దగ్గర, వెనక చక్రానికి పోయే రెండు సన్న గొట్టాల మీద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కుతూ పోండి. పైపొర రాలి కింద గట్టి ఇనుము తగిలితే భయం లేదు. మొన లోపలికి దిగబడినా, రేకులా నొక్కుకుపోయినా ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. వెల్డింగు పెట్టించి నడుపుదామనుకోకండి, పుచ్చిన గొట్టానికి వెల్డింగు పట్టుకోదు, పట్టినా దాని పక్కనే విరుగుతుంది. తర్వాత ముందు చక్రం తీసి, ఫోర్కు రెండు కాళ్లూ పైన కలిసే చోట గుడ్డతో శుభ్రంగా తుడిచి వెలుతురులో చూడండి. వెంట్రుకంత సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది పగులు. ఫోర్కు ఒక్కటే మార్చుకోవచ్చు కానీ, పగిలిన ఫోర్కుతో ఒక్క రోజు కూడా ఎక్కకండి. వెనక ఏం విరిగినా కింద పడతారు, ముందు ఫోర్కు విరిగితే మొహం మీద పడతారు.

వంకర చూడ్డానికి దారం చాలు. వెనక ఇరుసు కూర్చునే గాడి దగ్గర దారం కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి తెచ్చి బిగించండి. మధ్యలో సీటు గొట్టానికీ దారానికీ ఉన్న ఖాళీ రెండు వైపులా స్కేలుతో కొలవండి. తేడా 2, 3 మి.మీ. లోపు ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. సెంటీమీటరు తేడా ఉంటే ఎప్పుడో దేన్నో గుద్దుకుంది, చైను ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు.

ఈ మూడూ దాటితే బాగుచేయించుకోండి. మీ గట్టు మీద 6 కిలోమీటర్లకి ఆ సైకిలు కొత్త గేరు సైకిలు కన్నా బాగా పనికొస్తుంది. పెద్ద చక్రం గోతుల్లో దిగబడదు, మడ్‌గార్డులు నిండుగా ఉంటాయి, చైను కవరుంటే పంచె అంచు గానీ ప్యాంటు గానీ నలగదు, ప్రతి భాగం ఊరి షాపులో దొరుకుతుంది.

ఇక సామాను. టైర్లు 28×1½ రెండు. టైరు పక్కన 40-635 అన్న అంకె ఉందో లేదో చూసి కొనండి. 28 అనే పేరుతోనే 700సీ టైరు ఇంకోటి ఉంది, దాని అంకె 622. రెంటికీ 13 మి.మీ. తేడా, మీ రిమ్ముకి అది ఎక్కదు. ట్యూబులు రెండు, రిమ్ము పట్టీలు రెండు, ½×⅛ చైను, ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రం), బ్రేకు రబ్బర్లు నాలుగు, కాటర్ పిన్నులు (పెడలు కాడని, అంటే క్రాంకుని, ఇరుసుకి బిగించేవి) రెండు, బేరింగు గుండ్లు, లిథియం గ్రీజు చిన్న డబ్బా. గుండ్లు మామూలుగా వెనక హబ్బులో (చక్రం నడిమి భాగంలో) పావు అంగుళానివి వైపుకి 9, బీబీలో పావు అంగుళానివే వైపుకి 11, ముందు హబ్బులో 3/16 అంగుళానివి వైపుకి 10 ఉంటాయి. అయినా మీవి విప్పి లెక్కపెట్టుకుని, ప్రతి చోటు నుంచీ ఒక పాత గుండు విడివిడిగా కాగితంలో చుట్టి షాపుకి పట్టుకెళ్లండి. పాతవీ కొత్తవీ కలపొద్దు. అరిగిన గుండు పక్కన కొత్త గుండు ఉంటే బరువంతా కొత్తదాని మీదే పడి కప్పు గీసుకుపోతుంది. కప్పులో గుండ్లన్నీ పెట్టాక సగం గుండు పట్టేంత ఖాళీ మిగలాలి. ఖాళీ ఉంది కదా అని ఇంకోటి ఇరికిస్తే ఒకదాన్నొకటి ఒరుసుకుని నెల తిరక్కుండా కరకరలాడతాయి.

రిమ్ముల మీద తుప్పు పైపైదే అయితే మార్చక్కర్లేదు. కొబ్బరి పీచు సబ్బునీళ్లలో ముంచి తోమండి, మొండి మచ్చలకి నలిపిన అల్యూమినియం రేకు తడిపి రుద్దండి. గరుకు కాగితం వద్దు, క్రోమియం పూత పోతుంది. స్పోకుల చివర్లు కూర్చునే రంధ్రాల చుట్టూ ఇనుము పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం రిమ్ము మార్చాల్సిందే. అడిగేటప్పుడు కడ్డీ బ్రేకు రిమ్ము అని అడగండి, దాని గాడి వేరు. ముందు రిమ్ముకి 32, వెనక రిమ్ముకి 40 రంధ్రాలుండడం ఈ సైకిళ్ల పాత పద్ధతి, అయినా మీదాన్ని లెక్కపెట్టుకునే వెళ్లండి. వెనక రిమ్ము మార్చేట్టయితే, స్పోకులు కోయడానికి ముందే ఫ్రీవీలు విప్పించేయాలి. ఫ్రీవీలు ఏళ్ల తరబడి తొక్కిన బలంతో బిగుసుకుని ఉంటుంది, చక్రాన్ని పట్టుకుని తిప్పితేనే ఊడుతుంది. స్పోకులు కోసేశాక హబ్బుని పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఈ ఒక్కటి మరిచిపోయి హబ్బు కూడా కొత్తది కొనాల్సి రావడం చాలా మామూలు.

ఫ్రీవీలు గురించి ఇంకో మాట. పెడళ్ల దగ్గరి చక్రపు పళ్లూ వెనక పళ్లూ లెక్కపెట్టండి. చాలావాటిలో 44, 18 ఉంటాయి. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 5.5 మీటర్లు పోతుంది. పొద్దున చల్లగా వెళ్లేటప్పుడు ఇది హాయిగానే ఉంటుంది. సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలి ఎదురైతే, ఇన్నాళ్లూ తొక్కని మోకాళ్లకి బరువు. ఎలాగూ ఫ్రీవీలు మారుస్తున్నారు కాబట్టి 20 పళ్లది అడగండి. చుట్టుకి 4.9 మీటర్లే పోతుంది, తొక్కడం తేలిక. మన నేలకి ఈ చిన్న మార్పే గేరు పెట్టినంత పని చేస్తుంది. చైను కొనేటప్పుడు ఒక లింకు పొడుగు ఉంచుకోమని చెప్పండి.

కాటర్ పిన్నుల దగ్గర చాలామంది పాడుచేసుకుంటారు. నట్టుని పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా వచ్చేవరకే వదులు చేయండి. క్రాంకు కింద గట్టి కొయ్య మొద్దుగానీ మందపాటి ఇనుప గొట్టం ముక్కగానీ నేల మీంచి ఆనేలా నిలబెట్టి, అప్పుడు సుత్తితో ఒకటి రెండు గట్టి దెబ్బలు వేయండి. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను తల పుట్టగొడుగులా పరుచుకుని ఇంక రాదు. కింద ఆనిక లేకుండా కొడితే ఆ దెబ్బంతా బీబీ గుండ్ల మీద పడి కప్పులో గుంటలు పడతాయి. కొత్తవి పెట్టేటప్పుడు ఒక క్రాంకు ముందుకీ రెండోది వెనక్కీ నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టి చూస్తే, ఒక పిన్ను పైనుంచి వెళ్తే రెండోది కింద నుంచి వెళ్లాలి. రెండూ ఒకే వైపు నుంచి పెడితే పెడళ్లు ఒకే గీత మీద ఉండవు, తొక్కుతుంటే కుంటినట్టుంటుంది. పిన్నుని సుత్తితో దింపి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. నట్టుతో లాగి కూర్చోబెడదామంటే మర తెగుతుంది.

బీబీలో కుడి వైపు, అంటే చైను వైపు కప్పుని కదపక్కర్లేదు. దాని మర ఎడమ చేతి మర, తెలియక బలవంతంగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఎడమ వైపు లాక్ రింగు, కప్పు విప్పి ఇరుసు లాగితే రెండు వైపుల గుండ్లూ వచ్చేస్తాయి. పెడళ్లు కూడా అంతే, ఎడమ పెడలుది ఎడమ చేతి మర. ఇది గుర్తుంచుకోలేకపోతే సులువు దారి ఒకటుంది: క్రాంకుకి పైన పానా నిలబెట్టి సైకిలు వెనక వైపుకి తిప్పితే ఏ పెడలైనా వదులవుతుంది, ముందు వైపుకి తిప్పితే బిగుస్తుంది.

హబ్బు కోను (గుండ్లని పట్టి ఉంచే నట్టు) బిగించేటప్పుడు వేళ్లతో పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ నట్టు వేయండి. చక్రం పట్టుకుని పక్కకి ఊపితే కదలిక తెలీకూడదు, గాలిలో ఎత్తి వదిలితే వాల్ (గాలి కొట్టే మూతి) ఉన్న వైపు బరువుకి తనంత తానే కిందకి దిగి ఊగి ఆగాలి. వాల్ ఎక్కడ పెడితే అక్కడే నిలిచిపోతే కోను బిగువు ఎక్కువైనట్టు. గుండ్లని చంపేది ఎక్కువగా ఆ బిగువే.

మూసే ముందు బీబీ గొట్టం అడుగున నీరు కారే రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే 4 మి.మీ. డ్రిల్లు బిట్టుతో ఒకటి వేయించండి. సీటు గొట్టంలోకి రెండు చెంచాల ఇంజనాయిలు పోసి, సైకిలుని అటూ ఇటూ ఒరిగించి లోపలంతా పట్టించి, మిగిలింది కార్చేయండి. సీటు కడ్డీకి గ్రీజు రాసి దింపండి. ఎత్తు ఎంత పెట్టాలంటే, సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు కిందకి ఉన్నప్పుడు కాలు తిన్నగా చాగాలి. తొక్కేది మునివేళ్ల దగ్గరి పాదంతో కాబట్టి అప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది.

కొబ్బరినూనె సంగతి. మన తోటల్లో దొరుకుతుంది, చేతికి అంటినా ఇబ్బంది లేదు, అందుకే అలవాటైంది. కానీ 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టే నూనె. పుష్యమాసం పొద్దున మీ ఇంట్లో సీసాలో ఎలా ఉంటుందో చైను లోపల కూడా అలాగే ఉంటుంది, లింకు మధ్యకి జారదు. ఎండాకాలంలో పల్చబడి కారిపోతుంది, వానకి నిలవదు, గట్టు మీది దుమ్ముని పట్టుకుని నల్లటి ముద్దవుతుంది. పాత ఇంజనాయిలు ఇంకా చెడ్డది, అందులో అరిగిన ఇనుప రజనుంటుంది. కిరసనాయిలు కడగడానికి పనికొస్తుంది, కడిగి వదిలేస్తే చైను బోసిగా మిగిలి మర్నాటికే తుప్పెక్కుతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు తడిని తోలడానికి, బిగిసిన నట్టు వదలడానికి మంచివి. నూనెగా అవి నాలుగు రోజులు నిలవవు.

చైనుకి వేయాల్సింది వానాకాలానికి చేసిన చైను ఆయిలు, అది దొరక్కపోతే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజనాయిలు. కుట్టుమిషను నూనె ఫ్రీవీలుకీ, బ్రేకు కడ్డీల కీళ్లకీ, స్టాండు స్ప్రింగుకీ ఉంచండి. చైనుకి పోసేటప్పుడు చైనంతా తడపడం తప్పు. చైను లోపలి వైపు నుంచి ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క, చైను పొడవునా. పెడలు వెనక్కి ఓ ఇరవై చుట్లు తిప్పి, పది నిమిషాలాగి, పాత బనీను గుడ్డతో బయటంతా పొడిగా తుడిచేయండి. నూనె పని లోపలి పిన్నుల దగ్గర, బయట మెరిసేదంతా మట్టిని పిలిచేదే.

చైను ఎప్పుడు మార్చాలో స్కేలు చెప్తుంది. ఒక పిన్ను నుంచి 12 అంగుళాలు కొలిస్తే సరిగ్గా ఇంకో పిన్ను మధ్యకి రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు దాటి ఉంటే చైను సాగిపోయింది. కొత్త చైను అరిగిన ఫ్రీవీలు మీద జారుతుంది కాబట్టి అప్పుడు రెండూ కలిపి మార్చాలి. బిగువు మధ్యలో వేలితో పైకీ కిందకీ కదిపితే అర అంగుళం ఆడాలి. ముందు పళ్ల చక్రం నిజంగా గుండ్రంగా ఉండదు, నాలుగు చోట్ల తిప్పి చూసి, అన్నిటికన్నా బిగువున్న చోట ఆ అర అంగుళం పెట్టండి. కలిపే లింకు క్లిప్పు నోరు చైను పరుగెత్తే దిక్కుకి వెనక వైపుండాలి, ముందుకి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

పంచర్ల మాట వివరంగా చెప్పాలి. మీ ఊళ్లో అన్నిటికీ తుమ్మముళ్లే కారణమనుకుంటున్నారేమో, సగం వేరే కారణాలే అయ్యుంటాయి. ట్యూబు తీసేటప్పుడు వాల్ ఎక్కడుందో టైరు మీద సుద్దతో గుర్తు పెట్టండి. చిల్లు దొరికాక అది ఎటువైపుందో చూస్తే కారణం తెలిసిపోతుంది. టైరు వైపుంటే ముల్లు, గుల్ల, గాజుపెంకు. రిమ్ము వైపుంటే స్పోకు మొన పైకి వచ్చిందీ, రిమ్ము పట్టీ జరిగిందీ. దానికి ముల్లు వెతికినా ఏం దొరకదు, స్పోకు చివర ఆకురాయితో అరగదీసి పట్టీ మార్చాలి. పక్కపక్కనే పాము కాటులా రెండు చిల్లులుంటే గాలి తక్కువై గోతిలో రిమ్ము ట్యూబుని కరిచింది. వాల్ మొదట్లో చిరిగితే అదీ గాలి తక్కువ వల్లే: టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జారి వాల్‌ని లాగేస్తుంది. ఇక రాత్రి నిండుగా ఉండి పొద్దున్నకి మెత్తబడే చక్రానికి చాలాసార్లు చిల్లే ఉండదు. వాల్ లోపలి సన్న రబ్బరు గొట్టం, అదే వాల్‌ట్యూబు, ఎండకి చీలి ఉంటుంది. తడివేలితో వాల్ చివర నీటి బొట్టు పెడితే బుడగ లేస్తుంది. కొత్త ముక్క వేస్తే సరి. ఇది తెలియక ట్యూబులు మార్చేస్తుంటారు.

ముల్లు తీశాననుకున్నాక కూడా మళ్లీ అక్కడే పంచరైతే మొన లోపలే ఉంది. తుమ్మముల్లు టైరులో విరిగి, బరువు పడినప్పుడు మాత్రమే పొడుస్తుంది, వేలికి తగలదు. చిన్న దూది ముద్ద తీసుకుని టైరు లోపలంతా మెల్లగా తిప్పండి, మొన ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. బయట్నుంచి కాకుండా లోపల్నుంచే పట్టకారుతో లాగాలి.

అతికేటప్పుడు తొందరే శత్రువు. చిల్లు చుట్టూ ముక్క కన్నా కాస్త పెద్ద మేర గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టండి, ట్యూబు అచ్చు గీతలు ఉంటే సమం చేయండి. సొల్యూషను పల్చగా, ముక్క పట్టే మేర కన్నా కొంచెం ఎక్కువగా రాసి, తడి మెరుపు పోయేదాకా ఆగండి. ఇది సుమారు 5 నిమిషాలు, వానాకాలం తేమలో ఇంకా ఎక్కువ. తడి మీద అంటిస్తే ముక్క జారుతుంది, మర్నాడు ఎండకి ఊడుతుంది. అంటించాక మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కి, పైన టాల్కం పౌడరు చల్లితే టైరుకి అంటుకోదు. టైరు ఎక్కించేటప్పుడు వాల్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్ దగ్గర ముగించండి, చివర చేతుల్తోనే లోపలికి తోయండి. స్క్రూడ్రైవరు పెట్టారంటే అతికింది వృథా, కొత్త చిల్లు ఖాయం.

గాలి ఎంత ఉండాలంటే, మీ 28 టైరుకి 45 నుంచి 50 పీఎస్‌ఐ, క్యారియర్ మీద బస్తా ఉంటే వెనక 55. చిక్కేమిటంటే వాల్‌ట్యూబు రకం వాల్‌కి గేజీ సరైన అంకె చూపించదు, రబ్బరు గొట్టాన్ని తెరవడానికి పట్టే ఒత్తిడి కూడా అందులో కలుస్తుంది. అందుకే కొత్త ట్యూబులు కొనేటప్పుడు మోటారు సైకిలు మాదిరి వాల్ ఉన్నవి అడగండి. రిమ్ము రంధ్రం అదే, సరిపోతుంది. గేజీ ఉన్న నేల పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. ఈ ఉత్తరంలో అడిగిన అన్నిటిలోనూ మొదట కొనాల్సింది ఆ పంపే. ప్రతి ఆదివారం గాలి చూసుకుంటే రిమ్ము కరవడం, వాల్ చిరగడం రెండూ ఆగుతాయి. పెట్రోలు బంకులో కంప్రెసర్‌తో కొట్టిస్తే మాత్రం కొద్దికొద్దిగా కొట్టమనండి, సైకిలు ట్యూబులో పట్టేది చారెడు గాలి, ఒక్క గుక్కలో పగులుతుంది.

అసలు ముళ్లకి మందు టైరు మందం. వెనక టైరు మధ్య నమూనా అరిగి నున్నగా అయ్యాక ఎంత అతికినా లాభం లేదు, మార్చండి. పాత ట్యూబుని చీల్చి టైరు లోపల పరిచే పద్ధతి మన వైపు ఉంది. పనిచేస్తుంది కానీ దాని అంచులు కొత్త ట్యూబుని ఒరుస్తాయి. పరిచేట్టయితే అంచులు ఏటవాలుగా కోసి, రెండు వైపులా పౌడరు చల్లండి.

అబ్బాయి సైకిలు. 21 గేర్లు ఎందుకో వాడిని అడిగి చూడండి. కోనసీమలో ఎత్తు ఎక్కాల్సింది వంతెనలూ లాకులూ దగ్గరే. ఎదురుగాలికి మూడు నాలుగు గేర్లు చాలు, అవి వెనక 7 పళ్ల వరసలున్న సైకిల్లో ఉంటాయి. పెడళ్ల దగ్గర మూడు పళ్ల చక్రాలుంటే వాటిని మార్చే యంత్రం మట్టికి బిగుసుకునే మొదటి భాగం. తక్కువ ధర సైకిలుకి పెట్టే ముందు షాకులు ఒట్టి స్ప్రింగు గొట్టాలు, రెండు వానాకాలాలకి లోపల తుప్పెక్కి కదలడం మానేసి, బరువు మాత్రం మిగులుతుంది. వెనక షాకు తొక్కిన బలంలో కొంత తినేస్తుంది, పైగా మడ్‌గార్డూ క్యారియరూ పెట్టనివ్వదు. పుస్తకాల సంచితో రోజుకి 22 కిలోమీటర్లు తొక్కే పిల్లాడికి ఆ రెండూ లేకపోతే వీపంతా బురదే.

బ్రేకుల దగ్గర మాత్రం వాడి కోరికలో న్యాయముంది. వానలో డిస్కు బాగా పట్టుకుంటుంది. కానీ చవక డిస్కులకి కేబులు తరచూ బిగించాలి, రేకు కొద్దిగా వంగినా రాసుకుంటుంది, చైను నూనె ఒక్క చుక్క డిస్కు మీద పడితే ప్యాడ్లు మార్చాల్సిందే, ఆ ప్యాడ్లు ఊళ్లో దొరకవు. అల్యూమినియం రిమ్ము మీద వీ-బ్రేకులు (రిమ్ముని రెండు పక్కల నుంచీ పట్టే కేబులు బ్రేకులు) ఉన్నది తీసుకుంటే ఆగడం బాగుంటుంది, రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి, వాడే మార్చుకుంటాడు. డిస్కే కావాలని పట్టుబడితే, ఆ ప్యాడ్లు షాపులో ఇప్పుడే రెండు జతలు కొనిపించండి. లేవంటే అదే జవాబు.

కాబట్టి ముందు షాకు లేని గట్టి ఫోర్కు, అల్యూమినియం రిమ్ములు, వీ-బ్రేకులు, వెనక 7 గేర్లు, వెనక చక్రానికి 36 స్పోకులు, మడ్‌గార్డులకి బోల్టు రంధ్రాలు. ఈ లెక్కలో వచ్చేది చూడ్డానికి సాదాగా ఉంటుంది, కాలేజీలో మాట పడుతుందేమో కానీ డిగ్రీ అయ్యేదాకా నడుస్తుంది. 26 చక్రాలైతే టైరు అంకె రాసి పెట్టుకోండి: 26×1.95 అంటే 559, 26×1⅜ అంటే 590. పేరు ఒకటే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి రాదు.

షాపులో పెట్టెలోంచి తీసి బిగించిన సైకిలుని అక్కడే చూసుకోవాలి. ఫోర్కు వెనక్కి తిరిగి ఉండడం నిజంగా జరిగే తప్పు, ముందు బ్రేకు ఫోర్కుకి ముందు వైపు ఉండాలి. హ్యాండిలు కడ్డీ మీద కనీస లోతు గీత లోపలికి మునిగి ఉండాలి. పెడళ్లు వంకరగా ఎక్కించారేమో ఖాళీగా తిప్పి చూడండి, ఒకసారి వంకర మరతో బిగించారంటే క్రాంకు పోయినట్టే. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఖాళీ చుట్టంతా ఒకేలా ఉందో చూడండి. మొదటి 50 కిలోమీటర్లకి స్పోకులు సర్దుకుంటాయి, అప్పుడు తెస్తే మళ్లీ బిగించి ఇస్తామని ముందే మాట తీసుకోండి.

మీ సైకిలు బ్రేకుల మాటకొస్తే, తడిసిన క్రోమియం రిమ్ము మీద రబ్బరు పట్టు బాగా తగ్గుతుంది, పొడిలో ఆగే దూరానికి రెండు మూడు రెట్లు కావచ్చు. వానలో ఆగాల్సిన చోటుకి చాలా ముందే బ్రేకు తేలిగ్గా నొక్కి రిమ్ము నీరు తుడవనివ్వండి, తర్వాత గట్టిగా పట్టండి. వంతెన దిగేటప్పుడు అడుగుదాకా వదలకుండా, పై నుంచే నెమ్మదిగా పట్టుకుంటూ రండి. రబ్బర్లు బిగించేటప్పుడు వాటి ఇనుప పెట్టె మూసిన వైపు చక్రం తిరిగే దిక్కుకి ఉండాలి. తెరిచిన వైపు ఉంటే మొదటి గట్టి బ్రేకుకే రబ్బరు ఎగిరి బయటపడుతుంది.

గట్టుకి అంచు గోడ ఉండదు కాబట్టి చీకటి పడ్డాక వచ్చేట్టయితే ముందు 200 ల్యూమెన్ల ఛార్జింగు లైటు చాలు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. అబ్బాయి హెల్మెట్‌లో ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) గానీ సీపీఎస్‌సీ (అమెరికాది) గానీ ముద్ర చూడండి. కనుబొమలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలు పట్టాలి.

వానలో వచ్చాక పది నిమిషాలు పెట్టండి. బకెట్టు నీళ్లు మెల్లగా పోసి బురద కడిగి, ఒక్కసారి సైకిలుని బోర్లించి నిలబెట్టి నీరు కారనివ్వండి, తుడిచి చైనుకి నూనె. వాటర్ సర్వీసింగు దగ్గర మాత్రం కడిగించకండి, ఆ వేగానికి నీరు హబ్బుల్లోకి, బీబీలోకి దూరి గ్రీజుని తోసేస్తుంది. వరద నీళ్లలో మునిగితే ఇంక ఆలోచన వద్దు, వారంలోపు హబ్బులు, బీబీ, హ్యాండిలు అన్నీ విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి. మామూలుగా ఏడాదికోసారి, వానలు వెళ్లాక కార్తీకంలో, మనవాళ్లు ఓవరాయిలింగ్ అనే ఆ పని చేయించుకుంటే గుండ్లు ఏళ్లు నిలుస్తాయి.

ఇంట్లో పంపు కాక, 8 నుంచి 17 దాకా పానాల సెట్టు, ఒక సన్న కోను పానా, ప్లాస్టిక్ టైరు లీవర్లు మూడు, గరుకు కాగితం, పంచరు ముక్కలు, సొల్యూషను, ఆరు వాల్‌ట్యూబు ముక్కలు, కుట్టుమిషను నూనె ఉంటే చాలు. సొల్యూషను ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్నాళ్లకి ఎండిపోతుంది, చిన్నవే కొనండి. ఫ్రీవీలు విప్పడం, రిమ్ము వంకర తీయడం షాపుకి వదిలేయండి.

మీ సైకిలు సిద్ధమయ్యాక మొదటి మూడు నాలుగు రోజులకి, అంటే ఓ 40 కిలోమీటర్లు తిరిగాక, కాటర్ పిన్నుల నట్లు మళ్లీ బిగించండి. పిన్నులు తొక్కుడుకి ఇంకాస్త లోపలికి కూర్చుంటాయి, నట్టు వదులవుతుంది. తొక్కుతున్నప్పుడు ప్రతి చుట్టుకీ ఒక టక్కుమనే చప్పుడు వినిపిస్తే అక్కడే దిగి చూడండి. ఆ చప్పుడుతో మిల్లు దాకా లాగిస్తే క్రాంకు రంధ్రమే పాడవుతుంది.